కనుబొమల మధ్య

నవంబర్ 14

సైన్స్ పేపర్‌లో నా పేరు, రోల్ నంబరు తప్ప ఏమీ రాయలేదు. ప్రశ్నలన్నీ వచ్చినవే. మూడో ప్రశ్నయితే నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

హాల్లో పెద్ద ఫ్యాన్లు. అందులో ఒకటి తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది. అందరి పెన్నులూ ఒకేసారి గీరుతున్నాయి. ఇన్విజిలేటర్ సారు చెప్పులు కిర్రుకిర్రుమంటూ వచ్చి నా వెనక ఆగాయి. ఆగినవి మళ్ళీ ఎప్పుడు కదులుతాయో తెలియదు. దానికోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాను. పెన్ను మాత్రం వదల్లేదు. బెల్లు కొట్టాక చూస్తే వేలి మీద గుంట పడి ఉంది.

సారు తెల్ల పేపరు అటూ ఇటూ తిప్పి, చదవకుండా వచ్చి ఇక్కడ కలలు కంటున్నావా అన్నారు.

నవంబర్ 17

కౌన్సెలర్ మేడమ్ అమ్మని పిలిపించారు. ఆవిడ స్కూలుకి కొత్త, అందుకే ఇంకా పిల్లల్ని చూస్తారు. ఆటిజం కావచ్చు, దానికి తోడు యాంగ్జైటీ అన్నారు. అమ్మ వెంటనే, మా పిల్ల చక్కగా మాట్లాడుతుంది కదండీ, దానికి ఫ్రెండు కూడా ఉంది అంది.

ఆడపిల్లల్లో ఇది ఓ పట్టాన బయటపడదని మేడమ్ చెప్పారు. పక్కవాళ్ళని చూసి ఎప్పుడు నవ్వాలో, ఎంత మాట్లాడాలో నేర్చేసుకుంటారట. పైకి అంతా బాగానే ఉంటుందట. లోపల ఒళ్ళు హూనమైపోతుందట. నేను తల వంచుకుని బ్యాగు జిప్పు లాగుతూ విన్నాను. ఇన్నాళ్ళూ నా గదిలో ఎవరో దాక్కుని నన్ను చూసి ఆవిడకి చెప్పినట్టనిపించింది. భయం వేసింది. ఏడుపొచ్చేంత సంతోషం కూడా కలిగింది.

డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే మార్చిలో ఫైనల్స్ వేరే గదిలో ఒక్కదాన్నే కూర్చుని రాయొచ్చట. ఇవ్వకపోతే అదే హాలు.

నాకు ఆ గది కావాలి. ఇంకేమీ వద్దు.

నవంబర్ 18

మేడమ్ చెప్పింది నిజమే. నా నవ్వు నాది కాదు. పక్క బెంచీలో కూర్చునే నా ఫ్రెండుది. ముందు రెండు చిన్నవి, తర్వాత ఒక పెద్దది, నోటికి చెయ్యి అడ్డం. ఆరో క్లాసులో చూసి నేర్చుకున్నాను. బాత్రూమ్ అద్దం ముందు చాలా ప్రాక్టీసు చేశాను. మనిద్దరం భలే ఒకేలా నవ్వుతామే అని తను ఒకసారి తెగ ముచ్చటపడింది. దానికీ అదే నవ్వు నవ్వాను.

ఇంటికొచ్చాక బీరువాకీ గోడకీ మధ్య సందులో కూర్చుంటాను. అమ్మ దానికి నీ ఆఫీసు అని పేరు పెట్టింది. ఎవరైనా నా గురించి అడిగితే ఆఫీసులో ఉంది, మీటింగు అని చెప్తుంది. నా పనేమిటంటే పాత బ్యాగుల జిప్పులు బాగుచేయడం. ఊడిపోయిన రన్నర్‌ని మెల్లగా ఎక్కిస్తే పళ్ళన్నీ వరసగా కలుసుకుంటూ పోతాయి. ఆ చప్పుడు నాకిష్టం. ఎన్నిసార్లు లాగినా అదే చప్పుడు, కొత్తగా ఏమీ చేయదు.

నవంబర్ 26

అపాయింట్‌మెంట్ దొరికింది.

అమ్మ ఉద్యోగం ఇంటర్వ్యూ కోచింగ్. నోట్లో నాలుక లేనివాళ్ళు కూడా అమ్మ క్లాసులు వింటే ఉద్యోగం కొట్టుకొస్తారు. స్వీటు డబ్బాలతో ఇంటికొస్తారు. ఏ గదిలోకైనా ప్రిపేర్ అవకుండా వెళ్తారా ఎవరైనా అంది అమ్మ. జ్వరమొచ్చినా రిహార్సలేనా అని నాన్న సోఫాలోంచి జోకేశాడు. అమ్మ ఒక్క చూపు చూసింది. నాన్న మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు.

డైనింగ్ టేబుల్‌కి అటు అమ్మ, ఇటు నేను. కళ్ళలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడమంది, ఎదుటివాళ్ళకి తేడా తెలియదట. కూర్చునే ముందే నవ్వాలట. ఫ్రెండు గురించి అడిగితే ఇద్దరం కలిసి చేసిన సరదా పనేదైనా చెప్పాలట. హాబీ అంటే జిప్పులని చెప్పి చావకు, మ్యూజిక్ అను అంది. హాలు సంగతి అడిగితే, కొంచెం టెన్షన్ అండీ, ఇప్పుడు మేనేజ్ చేసుకుంటున్నా అనాలట.

ఇలా చెప్తే గది ఇస్తారా అని అడిగాను. ముందు నీ మీద మంచి ఇంప్రెషన్ పడనీ, అడిగింది వాళ్ళే చేస్తారు అంది. ఇంటర్వ్యూల విషయంలో అమ్మ మాట ఎప్పుడూ తప్పలేదు. అన్నీ వల్లె వేశాను.

డిసెంబర్ 9

డాక్టరు గారి కనుబొమల మధ్య చిన్న పుట్టుమచ్చ ఉంది. పనికొచ్చింది.

ఒక్కటీ మర్చిపోలేదు. ఆయన ఏదో జోకేస్తే సరిగ్గా నవ్వాను. బయటికొస్తుంటే, చలాకీ పిల్ల, కంగారు పడాల్సిందేమీ లేదు, పరీక్షల టెన్షన్ అంతే అని అమ్మతో చెప్పారు. గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నారు. ఆటిజం పిల్లలు ఇలా కళ్ళలోకి చూసి మాట్లాడరట.

నేను క్లినిక్ బాత్రూమ్‌లోకి వెళ్ళి, చొక్కా చేతిని నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. తలుపు బయట అమ్మ నాన్నకి ఫోన్ చేసి, మన పిల్లకి ఏమీ లేదంటండీ అని ఏడుస్తూ నవ్వుతోంది. నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది. తిన్నాను.

డిసెంబర్ 12

సర్టిఫికెట్ లేకుండా గది ఇవ్వడం తన చేతుల్లో లేదన్నారు కౌన్సెలర్ మేడమ్. ప్రిన్సిపాల్‌ని కూడా అడిగి చూశారట. డాక్టరుకి ఏం చెప్పావని అడిగితే మొత్తం అప్పజెప్పాను. మేడమ్ తల పట్టుకున్నారు.

ఎంత బాగా చేశానో నాకు తెలుసు. అదే నా ఖర్మ.

జనవరి 7

లెక్కల టెస్టు కూడా హాల్లోనే పెట్టారు. ఇంటికొచ్చి సందులోకి వెళ్ళాను. తల గోడకేసి కొట్టుకుంటున్నానని నాకు తెలియదు. చప్పుడు విని అమ్మ వచ్చింది. ఆఫీసు జోకు వేయలేదు. నేల మీద కూలబడి, ఎప్పటినుంచే ఇలా అని అడిగింది. ఎప్పటినుంచో అన్నాను. అమ్మ మొహం చూడలేకపోయాను.

మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఈసారి ఉన్నదున్నట్టు చెబుదాం అంది.

జనవరి 15

మళ్ళీ డైనింగ్ టేబుల్. అమ్మకి ఇంకో దారి తెలియదు పాపం. ఈసారి మొహంలోకి చూడొద్దంది. నవ్వొద్దంది. జిప్పు చేత్తో పట్టుకెళ్ళమంది. నువ్వు సందులో ఎలా ఉంటావో అలాగే ఉండు, అంతే అంది.

సందులో నేనెలా ఉంటానో నాకెలా తెలుస్తుంది? అక్కడ నన్ను నేను చూసుకోను. చూసుకోనక్కర్లేదనే కదా అక్కడికి వెళ్ళేది.

అయినా ప్రాక్టీసు చేశాను.

జనవరి 23

డాక్టరు గారు కాసేపు గమనించి, పోయినసారి అంత చక్కగా మాట్లాడావే, ఇలా కూర్చోమని ఎవరు నేర్పారు అని అడిగారు. అమ్మ అని చెప్పాను. అడిగితే చెప్పక ఏం చేస్తాను?

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సర్టిఫికెట్ కోసం పిల్లలకి నటన నేర్పకండమ్మా అని నెమ్మదిగా చెప్పారు. అమ్మ ఏదో చెప్పబోయి, సగంలో ఆపి బ్యాగు సర్దుకుంది. ఇంటర్వ్యూలో ఎక్కడ ఆగాలో, ఎలా అందుకోవాలో ఊరందరికీ నేర్పే మనిషి. అప్పటికి నా చేతిలో జిప్పు దానంతటదే ముందుకీ వెనక్కీ పోతోంది. అది నేర్చుకున్నది కాదు. డాక్టరు గారు దాన్ని కూడా అదే చూపు చూశారు.

బస్సులో అమ్మ ఏడ్చింది. నేనే నిన్ను ముంచేశానే అంది. నాకు ఏ మొహం పెట్టాలో తెలియలేదు. బస్సులో తల్లి ఏడుస్తుంటే ఆడపిల్లలు ఏం చేస్తారో నేనెక్కడా చూడలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎదుటి సీటావిడ నన్ను రాయిని చూసినట్టు చూసింది.

ఫిబ్రవరి 3

ఇంకో డాక్టరు ఉన్నారట. జూన్ దాకా ఖాళీ లేదట.

ఫిబ్రవరి 20

ప్రీఫైనల్. పేరు, రోల్ నంబరు.

మార్చి 11

అమ్మ క్లాసులకి వెళ్ళడం మానేసింది. ఎవరికైనా కనుబొమల మధ్య చూడమని చెప్పాలంటే నోరు రావట్లేదని నాన్నతో అంటుంటే విన్నాను. నాన్న జోకులు వేయట్లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు కావలసిన నిశ్శబ్దం ఇది కాదు.

పొద్దున్న లేవగానే అమ్మ నా మంచం దగ్గరికొచ్చి ఎలా ఉందమ్మా అని అడుగుతుంది. మొదట్లో నిజం చెప్పేదాన్ని. నిజం చెప్పిన రోజు తను అన్నం ముట్టదు. బీరువా పక్కనే కూర్చుంటుంది, సందులోకి రాదు, అక్కణ్ణుంచి వెళ్ళదు. నాకున్న ఒక్క చోటూ అలా పోయింది. తనని వెళ్ళమనలేను. నామీద ప్రేమతోనే కూర్చుంది కదా.

మార్చి 18, ఉదయం 8.50

పరీక్ష మొదటి రోజు. స్కూలు గేటు దగ్గర అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, నిజం చెప్పమ్మా, భయంగా ఉందా అని అడిగింది.

కనుబొమల మధ్య చూశాను. రెండు చిన్నవి, ఒక పెద్దది.

అమ్మ నమ్మింది.