నీ విస్తట్లో పాలకూర

బావా,

ఈరోజు నీ సంవత్సరీకం. కృష్ణానగర్ గదిలో నీ ఫోటో ముందు విస్తరి వేశాం. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న నీ కూతురు నీకిష్టమని బిర్యానీ, మిర్చి బజ్జీలు, జిలేబీ తెచ్చింది.

నిన్ను మింగిన షుగరే నీ భార్య, మా చెల్లెలి కాలి వేలు తీసుకుంది. ఇంకా ముదిరితే పాదమే తీసేయాలట.

బోధకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే గ్రంథం చేతబట్టి చెల్లెల్ని గద్దించాను. "దేవుడిచ్చిన ఒళ్లు! చేజేతులా చంపుకుంటే పాపం!" జిలేబీ తీసేసి పాలకూర పప్పు, బీరకాయ కూర వడ్డించాను.

"బతికున్నప్పుడే ముట్టలే. సచ్చినంక తింటడా అన్నా?" అంది చెల్లెలు.

"బావకు కాదు, నీకు. మొక్కినంక ఈ విస్తట్ల తినేది నువ్వే గదా!"

"ఆయనకు నచ్చనిది నా గొంతు దిగదు."

తీసిన జిలేబీ మళ్లీ వేసుకుంది.

వాడవాడలా బోధించే నా మాట ఆమె చెవికెక్కదు. కలలో కనిపించి నువ్వే చెప్పు బావా, పాలకూర నచ్చిందని. అబద్ధమైనా సరే.