మమ్మల్ని అడగని క్షమాపణ

ఆదివారం, నరసాపురం

తాగి లారీ నడిపి మా తమ్ముణ్ణి చంపిన ప్రసాదు ఈరోజు మా చర్చిలో సాక్ష్యం చెప్పాడు. "నా పాపాలన్నీ యేసయ్య సిలువమీద మోసేశాడండి. ఇప్పుడు హాయిగా నిద్రపడుతోందండి" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలదీశాను. "ఆయన క్షమించాడు సరే, మా అమ్మ దగ్గరికి ఎప్పుడొచ్చావురా?"

"ధైర్యం చాలట్లేదక్కా."

"దేవుడి దగ్గరికెళ్లడానికి చాలిందా?"

పాస్టరుగారు అడ్డొచ్చి, "ప్రభువు అతని కోసం కూడా చనిపోయాడమ్మా" అన్నారు.

చిన్నప్పటి నుంచీ నమ్ముతున్న మాటే. పరలోకంలో తమ్ముణ్ణి మళ్లీ చూస్తాననే బతుకుతున్నాను. అక్కడ వాడి పక్కన వీడు కూడా ఉంటాడా?

ప్రభువా, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా ఎలా క్షమించావు? ఈ రాత్రి నేను ప్రార్థన చెయ్యను.