నీ పేరున్న కంచం

యాదమ్మత్తా,

నువ్వు రొమ్ము క్యాన్సర్‌తో పోయి నేటికి ఇరవై ఏళ్ళు. జబ్బని తెలియగానే మీ ఆయన చేవెళ్ళ నుంచి తెచ్చి మా మొయినాబాద్ ఇంట్లో దింపి పోయాడు. మేము నిన్ను కొట్టంలో పడుకోబెట్టాం. అంచున నీ పేరు చెక్కిన నీ పెళ్ళి కంచంలోనే నీకు అన్నం. అది ఇచ్చి రావడానికి అమ్మ నన్ను పంపేది. "దగ్గరికి పోకు బిడ్డ, అంటుకుంటది" అనేది. నేను గడప బయటే నిలబడి కాలితో నెట్టేదాన్ని. నువ్వు నవ్వేదానివి.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. రెండు నెలల కింద జన్యు పరీక్ష చేయించుకున్నాను. జబ్బు లేదు గానీ, నీకు దాన్ని తెచ్చిన జన్యువు నాలోనూ ఉంది. మీ అన్నకూ, అదే మా బాపుకూ, పరీక్ష చేశారు. నాకది బాపు నుంచే వచ్చింది.

"అంటుకునేది కాదమ్మా, పుట్టుకతో వచ్చేది" అని డాక్టరమ్మ అమ్మకు రెండుసార్లు చెప్పింది. అమ్మ తలూపింది.

నీ దగ్గరికి పోవద్దని నన్ను ఆపిన రోజుల్లోనే అది నా ఒంట్లో ఉందత్తా.

నిన్న బాపు పక్కన అన్నానికి కూర్చున్నాను. అమ్మ నా ముందు నీ కంచం పెట్టింది.

"ఇయ్యాల్టి సంది గీ తల్లెలనే తిను బిడ్డ. మంచిగ తోమిన."

"మరి బాపుకు?"

"ఆయనకేమైందే? మొగోడు."

బాపు తన కంచంలో అన్నం కలుపుకున్నాడు.

అమ్మ చేత్తోనే పెట్టిందత్తా. నీకు నేను ఆ మాత్రమైనా చేయలేదు.