కుర్చీల బిల్లు మీద కర్టెన్ల కౌంటరు అభ్యంతరం

శాసనసభ పరిశీలక సంఘం కార్యదర్శిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దుకాణాలలో పనిచేయువారికి కుర్చీలు వేయవలెనని గౌరవ శాసనసభ్యురాలు ప్రవేశపెట్టిన బిల్లు గురించి, సదరు సభ్యురాలి జీవిత విశేషాలలో నాకు జరిగిన అన్యాయము గురించి, మరియు నా కాళ్ళ గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను బజారు వీధిలోని మూడంతస్తుల బట్టల దుకాణంలో కర్టెన్ల కౌంటరు సేల్స్‌మన్‌ను. అక్కడ అందరికంటే పాతవాణ్ణి. సదరు సభ్యురాలు సభకు రాకముందు నా పక్కనే తువ్వాళ్ల కౌంటరులో ఉండేది. ఉండేవారు అని రాయాలట. రాశాననుకోండి.

వచ్చే సోమవారం తమ సంఘం ఈ బిల్లు మీద అందరి అభిప్రాయాలు వింటుందని పత్రికలో వచ్చింది. మా ఓనరుగారు నన్ను గదిలోకి పిలిచారు. "నువ్వెళ్ళి, మాకు నిలబడటమే అలవాటు, కుర్చీలు వద్దు అని చెప్పి రావయ్యా. నీ మాటైతే నమ్ముతారు" అన్నారు. చెప్పి వస్తే ఫ్లోరు ఇన్‌చార్జిని చేస్తామన్నారు. ఇన్‌చార్జికి బల్ల, ఫ్యాను, కుర్చీ ఉంటాయి. అంటే కుర్చీలు వద్దని చెబితే నాకొక కుర్చీ దొరుకుతుంది. ఇందులో ఏదో తిరకాసు ఉందని నాకూ తెలుసు. అయినా వెళ్ళి చెప్పడానికే నిశ్చయించుకున్నాను, ఎందుకంటే ఆ బిల్లు ఆమెది. ఇంకెవరిదైనా అయ్యుంటే ఎదురెళ్ళి దండం పెట్టేవాణ్ణి.

నా అభ్యంతరాలు ఈ దిగువన మనవి చేసుకుంటున్నాను.

1. సభవారు అచ్చువేసిన సభ్యుల పరిచయ పుస్తకం మా ఆవిడ ఎక్కడినుంచో సంపాదించి తెచ్చింది. ఆమె పేజీలో "నేపథ్యం" అన్నచోట ఇలా ఉంది: "గడియారాలు బాగుచేసే తండ్రికి రెండో కుమార్తె. సాయంకాల కళాశాలలో చదువుకున్నారు. బట్టల దుకాణంలో ఏళ్ల తరబడి నిలబడి పనిచేశారు." అయ్యా, ఆమె నిలబడితే పక్క కౌంటరులో నేనేమైనా పడుకున్నానా? ఆమె రాకముందు నుంచీ నిలబడ్డాను, ఆమె వెళ్ళిపోయాక కూడా నిలబడే ఉన్నాను. ఈ అర్జీ చిత్తుప్రతి సైతం కర్టెన్ తాను మీద కాగితం పెట్టుకుని నిలబడే రాశాను. ఒకరు నిలబడితే అది నేపథ్యం అవుతుంది, ఇంకొకరు నిలబడితే ఉద్యోగం అవుతుంది. ఈ తేడా ఏ నిబంధన ప్రకారమో తెలుపగలరు.

2. అదే పేజీలో "ప్రాధాన్యాలు" అని మూడు వేశారు. దుకాణాల్లో కుర్చీలు, షాపులు మూసే వేళ దాటాక ఆఖరి బస్సు, బజారు వీధుల్లో ఆడవాళ్ళకు మరుగుదొడ్లు. మొదటి రెండూ మధ్యాహ్నం వెనక మెట్ల మీద డబ్బాలు విప్పుకుని మేమిద్దరం అనుకున్న మాటలే. "ఆ బస్సువాడు మన షట్టరు చప్పుడు విని మరీ బయల్దేరతాడు" అన్నది సాక్షాత్తూ నేను. మొన్న ఆమె సభలో అదే మాట అంటే సభ్యులందరూ బల్లలు చరిచారు. టీవీలో చూస్తూ మా ఆవిడ పడీపడీ నవ్వింది. ఇదే మాట నేను ఇంట్లో ఎన్నేళ్ళుగా అంటున్నా "ముందు కాళ్ళు కడుక్కుని రండి" అనేది. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా?

మూడోది మాత్రం నాదని చెప్పుకోలేను. ఎంత ఎండల్లోనూ ఆమె మధ్యాహ్నం పూట నీళ్ళు తాగేది కాదు. నా సీసా అందిస్తే "వద్దన్నయ్యా, తాగితే మళ్ళీ ఎక్కడికెళ్ళను?" అనేది. ఏదో మొహమాటపడుతోంది అనుకున్నాను. ఆ పుస్తకం చదివేదాకా నాకు అర్థం కాలేదు. ఈ పేరా అభ్యంతరాల కిందికి రాదు, కానీ సిరాతో రాసేశాను గనుక ఉండనివ్వగలరు.

3. ఇది అసలు సంగతి. "యజమాని నిలదీసిన వేళ ఒక సహోద్యోగి ధైర్యంగా ముందుకొచ్చి ఆమె పక్షాన నిలిచారు. ఆ సంఘటనే ఆమె ప్రజాజీవితానికి పునాది" అని ఆ పుస్తకంలో వేశారు. ఆమె కూడా ప్రతి మీటింగులో ఈ కథే చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు. ఆ ఒక సహోద్యోగి నేనే.

జరిగింది మనవి చేస్తాను. మా దుకాణంలో కుర్చీలు లేకపోలేదు. భార్యల వెంట వచ్చి విసుక్కునే భర్తల కోసం ఫ్లోరుకు నాలుగున్నాయి. వాటిని మేము తుడవచ్చు, జరపచ్చు, కూర్చోకూడదు. ఒకరోజు ఆమె తువ్వాళ్లు మడవడం ఆపి నేరుగా వచ్చి నా కౌంటరు ముందున్న కుర్చీలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఓనరుగారు మెట్లెక్కి వచ్చారు.

"ఏంటమ్మా, కొనడానికొచ్చావా?"

"అవునండీ. కర్టెన్లు చూపించమనండి."

ఫ్లోరంతా చేతుల్లో బట్ట చేతుల్లోనే పెట్టుకుని చూస్తోంది. ఎదురుగా ఎవరో కూర్చున్నారు, కర్టెన్లు అడిగారు. నా చేతులు వాటంతట అవే తాను దించి బల్ల మీద పరిచేశాయి. "కిటికీకా అమ్మా, గుమ్మానికా?" అని అడిగాను. ఉతికితే రంగు పోదని కూడా చెప్పాను. రెండో తాను విప్పుతుండగా తలెత్తి చూస్తే, మా తువ్వాళ్ల పిల్ల!

ధైర్యమూ లేదు, మన్నూ లేదు. అలవాటు. ఆ అలవాటు ఎంతవరకూ వచ్చిందంటే, మొన్న కాళ్ళ నరాలు ఉబ్బి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన "కూర్చోండి" అన్నాడు. నేను చేతులు కట్టుకుని "ఫర్వాలేదు సార్, ఏం చూపించమంటారు?" అన్నాను. "కాలు చూపించవయ్యా బాబూ" అన్నాడాయన. చూసి, ఇలాగే రోజంతా నిలబడితే పుండ్లు పడతాయన్నాడు, మధ్యమధ్య కూర్చుంటూ ఉండమన్నాడు. ఎక్కడ కూర్చోమంటారో మందుల చీటీలో రాయలేదు.

ఆమెను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. నన్ను మాత్రం "వాడికేం తెలీదులే పాపం" అని ఉంచారు. ఆమె యూనియన్ పెట్టింది, వీధివీధీ తిరిగింది, ఎన్నికల్లో గెలిచింది. తీసేసిన మనిషి శాసనసభకు వెళ్ళింది, ఉంచిన మనిషి ఉన్నచోటే ఉన్నాడు. అయ్యా, నాకు కడుపు మండుతోంది. దీన్ని ఆఫీసు భాషలో ఏమంటారో తెలియక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆమె కారు మా వీధిలోంచి వెళుతుంటే అందరూ కిటికీలకు అతుక్కుంటారు. నేను బల్ల కిందికి వంగి, పడిపోని కత్తెర వెతుక్కుంటాను.

4. గెలిచాక ఒకసారి మా దుకాణానికి వచ్చింది. ఓనరుగారే స్వయంగా కుర్చీ మోసుకొచ్చి వేశారు. ఆమె కూర్చోలేదు. నా కౌంటరు దగ్గరకొచ్చి "అన్నయ్యా, కాళ్ళెలా ఉన్నాయి?" అంది. ఉన్నంతసేపూ నాతో సమానంగా నిలబడే మాట్లాడింది. ఎంత అన్యాయమో చూడండి. దర్జాగా కూర్చుని ఉంటే, "చూశావా, పదవి రాగానే కళ్ళు నెత్తికెక్కాయి" అని ఇంటికెళ్ళి చెప్పుకునేవాణ్ణి. ఆ పాటి సుఖం కూడా నాకు మిగల్చలేదు. మనిషి చెడ్డదైతే అసూయపడటం తేలిక. ఈమెతో నాకు అదీ కుదరడం లేదు.

కాబట్టి తమను కోరునది:

(అ) పరిచయ పుస్తకంలో "ఒక సహోద్యోగి" అన్నది కొట్టివేసి "కర్టెన్ల కౌంటరు" అని వేయించవలెను. పేరు లేకపోయినా బజారంతా పోల్చుకుంటుంది.

(ఆ) "ధైర్యంగా" అన్న మాట వాస్తవం కాదు. అయినా అచ్చయిపోయింది గనుక తీయించనక్కరలేదు.

(ఇ) బస్సువాడి మాట ఎవరిదో సభ రికార్డుల్లో సవరించవలెను.

(ఈ) సదరు బిల్లుకు నా వ్యతిరేకతను నమోదు చేయవలెను.

తీరిక చేసుకుని, హాయిగా కూర్చుని, తమరు ఇది చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కర్టెన్ల కౌంటరు, రెండో అంతస్తు.

తా.క.: కవరు అంటించబోతుంటే మా ఆవిడ లాక్కుని మొదటినుంచీ చదివింది. నా కాలికున్న కట్టు విప్పుతూ, "ఇంతకీ మీకు కుర్చీలు కావాలా, వద్దా?" అంది.

"ఆ బిల్లు వద్దు" అన్నాను.

"నేను బిల్లు గురించి అడగలేదండీ. కుర్చీ గురించి అడిగాను. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మీ వరస. మీరొక్కరు కుర్చీ వేయించుకుని, మూడంతస్తుల జనాన్నీ నిలబెడతారా?"

కట్టు పూర్తిగా విప్పింది. కాలు చూసి, లేచి వెళ్ళి కలం తెచ్చి నా చేతిలో పెట్టింది.

పైన (ఈ) కొట్టివేయగలరు. సోమవారం వస్తాను, కుర్చీలు కావాలనే చెబుతాను. ఇన్‌చార్జి పోస్టు పోతే పోయింది, ఉన్న ఉద్యోగం మాటేమిటో దేవుడికెరుక. ఒక్కటే మనవి. నేను చెప్పేటప్పుడు ఆమె ఆ గదిలో లేకుండా చూడండి. నా దగ్గరకొచ్చి "థాంక్స్ అన్నయ్యా" అందంటే నేను తట్టుకోలేను, అక్కడికక్కడే మాట మార్చేసినా మార్చేస్తాను.

కుర్చీలు మాత్రం త్వరగా వేయించండి. కావాలంటే వీపు ఆనే చోట ఆమె పేరే చెక్కించండి. కూర్చున్నాక నాకెలాగూ కనబడదు.