కిర్రుమనని కారు

ఆదివారం రాత్రి, కోసపాళయం

ఎదురింటి రవి కిర్రుమంటున్న తన పాత కారు ముందు చక్రాల కీళ్ళలోని రబ్బరు బుష్‌లు ఒక్క పూటలో తనే మార్చేశాడు. అదే పని నాకు మూడు ఆదివారాలు పట్టింది. పైగా వాళ్ళావిడతో పాటు మా ఆవిడనూ ఎక్కించుకుని పిళ్ళైచావడి దాకా తిప్పుకొచ్చాడు. "యాడా సద్దే లేదు, పడవ పోయినట్టు పోతా ఉండాది" అంటూ దిగింది మా ఆవిడ. నా కారు దిగి ఏనాడూ ఆ మాట అనలేదు.

కానీ నేను చూశాను. చక్రాలు గాల్లో ఉండగానే బోల్టులు బిగించేశాడు. జాకీ దించి, కారు బరువు నేల మీద పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు మెలిపడి చిరిగి, మళ్ళీ కిర్రుమంటుంది. నాకైనా ఆ సంగతి తెలిసింది నావి రెండుసార్లు చిరిగాకే.

"సరిగా ఉండాదా అన్నా?" అని అడిగాడు కూడా. "బ్రహ్మాండం" అన్నాను.

రేపు చెప్పెయ్యాలి. కాదు, ముందు ఒక్కసారి కిర్రుమననీ, మా ఆవిడ అందులో ఉండగా...