శుక్రవారం వచ్చిన సారె

అనకాపల్లి,
6 జూలై 2009.

పూజ్యురాలైన అప్పకు,

తమ్ముడు సింహాద్రి నమస్కరించి రాసేది. నేనిక్కడ క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోను చేస్తే నీ మాటలు సగం కొండలకే తగిలి ఆగిపోతున్నాయి. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. పోస్టుమాస్టరు గారి చేత చదివించుకో.

బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర పని మానేశాక పొద్దున్నే లేచి ఏం చేయాలో తోచేది కాదు. మా ఇంటిది చిన్నమ్మలు బతికున్నప్పుడు ఏదో ఒక పని పురమాయించేది. ఆమె పోయాక ఈ ఇంట్లో నాకు పని చెప్పేవాళ్లు లేరు. సరే, నాకు నేనే పురమాయించుకున్నాను. వంటింటికీ చీకటి గదికీ మధ్య గోడ నా చేతులతోనే కొట్టేసి రెండూ ఒకటి చేశాను. ఇప్పుడు వంటింట్లో పగలు దీపం అక్కర్లేదు. ఇల్లంతా వెల్ల వేశాను. కుమ్మరి అప్పారావు దగ్గర మట్టి పని నేర్చుకుంటున్నాను. కొత్త కుండలు తయారవుతున్నాయి. మొన్న శుక్రవారం సారె కూడా ఇంటికి వచ్చింది. అప్పారావు బండి మీద పంపించాడు. వీధిలో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.

చాలా రోజుల తర్వాత మనసు బాగుంది అప్పా.

ఇట్లు, నీ తమ్ముడు,
సింహాద్రి

తా.క. నేను చేసిన మొదటి కుండ ఒక పక్కకి ఒరిగిపోయింది. అప్పారావు దాన్ని చూసి, "ఇది కుండ కాదు బావా, కుండ తొంగుంది, నిద్దర్లేపు" అన్నాడు.


గొలుగొండ,
13 జూలై 2009.

సింహాద్రి గారికి,

మీ అప్పగారు మోదమ్మగారు చెప్పగా పోస్టుమాస్టరు త్రినాధరావు వ్రాయునది. మీ ఉత్తరం చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. 'సారె' అన్న మాట దగ్గర ఆపమన్నారు. ఇకపై ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను.

"ఒరే సిమ్మాద్రీ, నాకు సదువు రాదు గానీ సెవులున్నాయి. గది పెద్దది సేసేవు. ఇల్లు ఎల్ల ఏసేవు. కొత్త కుండలు సేయిత్తన్నావు. శుక్రారం పూట సారె వచ్చింది, ఈదంతా సూసెల్లేరు. ఇయన్నీ పెళ్లికి కాపోతే మరి దేనికి? నువ్వు మారుమనువు సేసుకుంటే నానొద్దంతానా? మన్లో లేని ఆచారమేటి? ఆషాడం కదాని ముహూర్తం ఆపేరు, సారె మాత్రం ముందంపేరు. అంతే కదా. పిల్లది ఏ ఊరో, ఎవుల మనిసో రాసీ. పరాయోళ్లకి సెప్పినట్టు నాకు కూడా మట్టి, కుండలు అని సెప్పకు."

ఇట్లు,
మోదమ్మ (వేలిముద్ర)

తా.క. ఇది నా సొంత మాట. సారె అంటే కుమ్మరి తిప్పే చక్రం కూడా అవుతుందని నేను ఆవిడకి మనవి చేశాను. "శుక్రారం పూట కుమ్మరి సక్రం ఎవుడింటికొత్తాది?" అన్నారు. అందుకే ఆవిడ చెప్పినట్టే రాశాను. - త్రి.


అనకాపల్లి,
20 జూలై 2009.

పూజ్యురాలైన అప్పకు,

నమస్కారాలు. త్రినాధరావు గారు చెప్పిందే నిజం. వచ్చింది కుమ్మరి సారె. దాని మీద మట్టి పెట్టి తిప్పుతారు. అప్పారావుకి బండి ఖాళీ దొరికింది శుక్రవారమే, అంతకన్నా అందులో విశేషం ఏమీ లేదు. పెళ్లి లేదు, పిల్ల లేదు. ఉన్నదల్లా పెరట్లో బురద.

నీకు నమ్మకం కలగడానికి నేను రోజూ ఏం చేస్తున్నానో రాస్తాను. పొద్దున్న మట్టి తొక్కుతాను. ఎండెక్కే దాకా సారె మీద కూర్చుంటాను. మట్టి మధ్యకి కుదిరిన క్షణం చేతి కింద తెలుస్తుంది అప్పా, పిల్లి పడుకున్నట్టు ఉంటుంది. మధ్యాహ్నం చర్చి వీధిలో లూర్దు మేరీ టీచరుగారి అల్లికల క్లాసుకి వెళుతున్నాను. పగలంతా ఇంట్లో ఆవిడ ఒక్కరే. తోచక క్లాసు పెట్టారు. క్లాసులో నేనొక్కడినే మగవాణ్ణి. మొదట్లో ఆడవాళ్లు నవ్వారు. ఇప్పుడు ఊలు చిక్కుపడితే నాకే ఇస్తున్నారు. జనపతాడు ముడులు విప్పీ విప్పీ మార్కెట్టులో అలవాటైన చేతులు కదా.

మీ వైపు చలికాలం గట్టిగా ఉంటుందని నీకో మఫ్లరు అల్లి ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. నా సొంత చేతులతో అల్లింది.

ఇట్లు, నీ తమ్ముడు,
సింహాద్రి

తా.క. ఇప్పుడు ఒక స్వెటరు మొదలుపెట్టాను. అనకాపల్లి ఎండలో స్వెటరు ఎవరికని అందరూ అడుగుతున్నారు. ముందు స్వెటరు అవనీ, తర్వాత చలి సంగతి చూద్దాం అని చెబుతున్నాను.


గొలుగొండ,
30 జూలై 2009.

సింహాద్రి గారికి,

త్రినాధరావు వ్రాయునది. మఫ్లరు అందింది. పోస్టాఫీసులో ఉన్నవాళ్లందరూ చేత్తో పట్టుకుని చూశారు. మోదమ్మగారు ఇలా చెబుతున్నారు.

"సిమ్మాద్రీ, ఇంత సన్నటి అల్లిక మగోడి సేతిదని సెప్తే ఎవులు నమ్ముతారు? సిన్నప్పుడు లాగుకి బొందు ఎక్కించుకోడం రాక నా దగ్గరికొచ్చీవోడివి. ఎవులల్లేరో మాకు అర్తమైపోయింది. లూర్దు మేరీ. పేరు బాగుంది. పాపం, ఇంట్లో ఒక్కర్తే ఉంతాదని నువ్వే రాసేవు. కిరస్తానీ అని నాకు సెప్పడానికి బయపడ్డావు కదా. మనిసి మంచిదైతే సాలదేటి? నువ్వు సిగ్గుపడతన్నావని పెద్దదాన్ని నానే ముందుకొత్తన్నాను. శ్రావణం వచ్చింది. ఆడబడుసు పెట్టాల్సింది పెట్టాల కదా. సీరా, గాజులూ, పసుపూ కుంకం పార్సిలు కట్టించి ఆ పిల్లకే నేరుగా పంపించేను."

ఇట్లు,
మోదమ్మ (వేలిముద్ర)

తా.క. చిరునామా 'లూర్దు మేరీ టీచరు, అల్లికల క్లాసు, చర్చి వీధి' అని నేనే రాశాను. చీర విషయంలో ఆవిడ ఎరుపు అన్నారు, నేను ఆకుపచ్చ అన్నాను. ఆకుపచ్చదే తీసుకున్నారు. మోదమ్మగారు ఇంకొకరి మాట వినడం ఈ ఊళ్లో ఇదే మొదలని కొట్టువాడు అన్నాడు. - త్రి.


అనకాపల్లి,
8 ఆగస్టు 2009.

అప్పకు,

లూర్దు మేరీ టీచరుగారికి భర్త ఉన్నాడు.

ఆయన పేరు జాన్ పాల్. అచ్యుతాపురం కంపెనీ బస్సు నడుపుతాడు. పగలంతా ఆవిడ ఇంట్లో ఒక్కరే ఉండేది ఆయన డ్యూటీకి వెళ్లడం వల్ల. నీ పార్సిలు ఆయనకి సెలవు రోజున వచ్చింది. ఆయనే విప్పాడు. లోపల నీ పేరున చీటీ ఉంది: 'మా తమ్ముడి కాబోయే భార్యకు ఆడబడుచు ఆశీస్సులు.' అక్షరాలు త్రినాధరావు గారివి, చాలా గుండ్రంగా ఉన్నాయి.

సాయంత్రం జాన్ పాల్ పార్సిలు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను బురద చేతులతో ఉన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"సింహాద్రిగారూ, మీ అప్పగారు నా ఇంటిదానికి పెళ్లి కుదిర్చేరంట కదా. ముహూర్తం ఎప్పుడో సెప్తే సెలవెట్టుకుంటాను" అన్నాడు.

సారె చూపించాను. కుండలు చూపించాను. సగం అల్లిన స్వెటరు చూపించాను. నీ ఉత్తరాలు కూడా చదివి వినిపించాను. ఆఖరికి నవ్వాడు. కానీ పార్సిలు విప్పినప్పుడు పక్కింటివాళ్లు ఉన్నారట. మర్నాటికి కంపెనీ బస్సులో అందరికీ తెలిసింది. క్లాసుకి వచ్చే ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. టీచరుగారు నన్ను గుమ్మం దగ్గరే ఆపి, "కొన్నాళ్లు రాకండి. మీ తప్పు లేదని నాకు తెలుసు. నేను కూడా ఈ వీధిలోనే బతకాలి" అన్నారు. తలుపు వేసేశారు.

నాకు కోపం వచ్చింది అప్పా. నువ్వు మంచికే చేశావని తెలిసినా వచ్చింది. రేపు ఏం చేయాలా అని ఆలోచిస్తూ నిద్రపోవడం నాకు ఈమధ్యే అలవాటైంది. అది పోయింది. ఆవిడ పరువు అంతకన్నా ముఖ్యం. దాన్ని నేను బాగుచేయలేను. నువ్వే చేయాలి.

సింహాద్రి

తా.క. స్వెటరు మెడ దగ్గర ఆగిపోయింది. మెడ ఎలా తిప్పాలో టీచరుగారు ఇంకా చెప్పలేదు. ప్రస్తుతం అది తల పట్టని స్వెటరు.


గొలుగొండ,
17 ఆగస్టు 2009.

సింహాద్రి గారికి,

ఈ ఉత్తరం మోదమ్మగారు చెప్పింది కాదు. మీ ఉత్తరం చదివాక ఆవిడ లేచి వెళ్లిపోయారు. వారం పాటు పోస్టాఫీసు వైపు రాలేదు. ముద్రలు కొట్టాను, సంచీ కట్టాను, ఇంకా చాలా పొద్దు మిగిలింది. ఇదివరకు ఈ పొద్దంతా ఎక్కడికి పోయేదో నాకు తెలియలేదు.

ఈరోజు వచ్చారు. కాగితం తీశాను. "రాయకు. రాత్తే మళ్లీ ఇంకోలాగ అర్తమవుతాది. నానే ఎల్తాను" అన్నారు. శనివారం వస్తున్నారు. చీటీ రాసింది నేను కనుక తప్పులో సగం నాది. నేనూ వస్తున్నాను.

ఇట్లు,
త్రినాధరావు

తా.క. ఆవిడకి బస్సులో కిటికీ పక్కన సీటు కావాలట. నాకు కూడా కిటికీయే అలవాటు. ఇచ్చేస్తున్నాను.


అనకాపల్లి,
26 ఆగస్టు 2009.

పూజ్యురాలైన అప్పకు,

నమస్కారాలు. మీరిద్దరూ క్షేమంగా చేరారని తలుస్తాను.

నువ్వు వెళ్లాక జరిగింది రాస్తాను. సోమవారం టీచరుగారే కబురు పంపారు. క్లాసుకి వెళ్లాను. శనివారం అంతమంది ఆడవాళ్ల ముందు నువ్వు నిలబడి, "అమ్మా, నాను ఇన్నది సగం, అనుకున్నది సగం. మా తమ్ముడి తప్పు లేదు, నీ తప్పు అసలే లేదు. మాట పడితే నన్ననండి" అన్నావు చూడు, దానితో వీధి నోరు మూతపడింది. అయినా అప్పుడే ఒకామె, "మగాడు నిజంగా అల్లుతాడా?" అని అడిగితే టీచరుగారు సూదులు నా చేతికిచ్చి కూర్చోబెట్టారు. నేను అల్లుతుంటే నువ్వు ముందుకు వంగి నా వేళ్లు చూశావు. తర్వాత, "అచ్చం మాయమ్మ తట్టలల్లినట్టే ఉంది" అన్నావు. అమ్మ మాట నీ నోట విని ఎన్నేళ్లయిందో. తల ఎత్తితే నా తడి కళ్లు కనబడతాయని ఎత్తలేదు. అందుకే ఆ వరుస తప్పింది. తర్వాత విప్పి మళ్లీ అల్లాను.

జాన్ పాల్ నీ గురించి అడుగుతున్నాడు. ఇకమీదట మన ఇంట్లో పెళ్లి మాట ఎత్తనని వెళ్లేటప్పుడు నాకు మాటిచ్చావు. గుర్తుంచుకో.

ఇట్లు, నీ తమ్ముడు,
సింహాద్రి

తా.క. త్రినాధరావు గారు మా సారె మీద సరదాగా చేసిన మట్టి గ్లాసులు ఆరుతున్నాయి. ఒకటి చేస్తానని కూర్చుని రెండు చేశారు. ఒక్క మనిషికి రెండెందుకని అప్పారావు అడిగితే, లేచి చేతులు కడుక్కున్నారు. పోస్టాఫీసు పని కదా, దేనికైనా నకలు ఉండాలనుకున్నారేమో.


గొలుగొండ,
7 సెప్టెంబరు 2009.

బావగారికి,

పిలుపు మారిందని కంగారు పడకండి. ముందు మోదమ్మగారు చెప్పమన్నది రాస్తాను.

"సిమ్మాద్రీ, పెళ్లి మాట ఎత్తనని నీకు మాటిచ్చేను. నీ పెళ్లి మాట ఎత్తను. ఇది నాది. ఈ రాసే పోస్టుమాస్టరుకీ ఇంట్లో తోడు లేదు, మీ బావ పోయేక నాకూ లేదు. మన్లో లేని ఆచారమా అని నీకు సెప్పింది నానే కదా. నీకొక మాట, నాకొక మాటా? కోటవురట్ల నుంచి నా కూతురు ఈశ్వరి వచ్చింది. ఏటంతాదో అని బయపడ్డాను. నవ్వింది. 'ఇన్నాల్లూ ఉత్తరాలు రాయించుకోడానికి రోజు మార్చి రోజు పోస్టాఫీసుకెల్తే, మావయ్య ఇంతింత పెద్ద ఉత్తరాలు ఎలా సదువుతాడో అనుకున్నానమ్మా' అంది. బాద్రపదమైనా ఈ వయసులో మాకు ముహూర్తాలేటి, వచ్చే బుదవారం కొండ దిగువ గుడిలో దండలు మార్చుకుంతాం. నువ్వు, లూర్దు మేరీ, ఆల్లాయన వత్తే సాలు. ఈసారి సెలవు ముందే ఎట్టుకోమను."

ఆవిడ మాటలు ఇంతవరకు. ఇక నావి.

బావగారూ, ఇరవై ఏళ్లుగా ఈ ఊరి ఉత్తరాలు రాస్తున్నాను. చదువు రానివాళ్లు సాధారణంగా, "మీకు తోచినట్టు రాసీండి బాబూ" అని వెళ్లిపోతారు. మీ అప్పగారు ప్రతి ముక్కా చెప్పి, చదివించుకుని, తప్పుంటే దిద్దించారు. మీ ఉత్తరం వచ్చాక ఆవిడ వారం పాటు రాలేదని రాశాను కదా. ఆ వారంలో నాకు విషయం బోధపడింది. అనకాపల్లి నుంచి తిరిగి వచ్చేటప్పుడు నర్సీపట్నం దాటాక అడిగాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "బస్సు దిగేక సెప్తాను" అన్నారు. దిగాక చెప్పారు.

ఇట్లు,
మీ బావ,
త్రినాధరావు

తా.క. ఎందుకు ఒప్పుకున్నారని నిన్న అడిగాను. "నాను మాటాడితే మద్దిలో ఆపకండా ఇన్న మగోడివి నువ్వొక్కడివే" అన్నారు. రాసేవాణ్ణి కనుక ఆపలేదు, చేతిలో కలం ఉంది అన్నాను. "అయితే కలం కింద పెట్టకు" అన్నారు. ఇది కూడా రాయమన్నారు. రాశాను.