అద్దం లోపలి వేలిముద్ర

జూలై 3
కిటికీ అద్దం మళ్ళీ మసక. నిన్నటికంటే వేలెడు పెరిగింది. కింది మూల నుంచి పైకి పాకుతోంది, పాచి పట్టినట్టు. చూస్తేనే రోత. గదిలోంచి తుడిచాను, బయటికెళ్ళి తుడిచాను. పోదు. అది రెండద్దాల నడుమ ఉంది. నా చెయ్యి అక్కడికెలా వెళుతుంది…
నా కొడుకు ఢిల్లేసు వేలిముద్రకు ఇంకా జానెడు దూరంలో ఉంది.

జూలై 4
తోటికోడలు వచ్చింది. కిటికీ చూసి — "ఓలప్పా, సచ్చిపోయినోడి గది. అద్దమైనా తుడుసుకోవేటి?"
తెచ్చిన కూర గిన్నె మూత తియ్యకుండానే తిప్పి పంపాను.

జూలై 6
ఈ కిటికీ నా కొడుకు వాడి చేతుల్తో చేసుకున్నది. టెక్కలి అద్దాల షాపులో పని వాడికి. పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకొచ్చిన రోజు సముద్రం హోరుకి నిద్ర పట్టేది కాదు. రెండద్దాలు పెడితే చప్పుడు రాదమ్మా అన్నాడు. మా ఆయన ఒకటే ఎక్కిరింపు — "పడవోడి కడుపున పుట్టి సంద్రం సౌండు పడదేట్రా నీకు? రేపు సేప కంపు కొడతందంటావు!" వాడూ నవ్వాడు.
బిగించాక ఎండలో చూపించాడు. లోపలి వైపు బొటనవేలి ముద్ర. అద్దాలు అతికించేటప్పుడు పడిపోయిందట. "ఇంకిది ఎవులూ తుడవలేరమ్మా. ఇరవయ్యేళ్ళు ఇలగే ఉంటాది."
కిటికీకి నాలుగేళ్ళు. వాడు పోయి రెండేళ్ళు.
బట్టలు పెద్దకర్మ రోజునే ఇచ్చేశారు. ఫోను మరిది పట్టుకుపోయాడు. గోడ మీద ఫోటో ఉందంటే — స్టూడియోవాడు వాడికి నల్ల కోటూ టైయ్యీ తొడిగాడు. పుట్టి బుద్ధెరిగాక నా కొడుకు కోటు వేసింది లేదు. ఆ ఫోటో వైపు చూడను. వాడిదంటూ మిగిలింది ఆ ముద్ర ఒక్కటే.

జూలై 9
టెక్కలి వెళ్ళాను. షాపు ఓనరు కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. ముట్టుకోలేదు.
"అద్దాలిచ్చినప్పుడు ఇరవయ్యేళ్ళన్నావు కదా బాబూ?"
"అది లోపలి ఊళ్ళకమ్మా. మీది సముద్రం ఒడ్డు. ఉప్పుగాలికి ఏటి ఆగుతాది?"
"మా ఊరు అప్పుడూ ఒడ్డునే ఉంది."
నవ్వాడు. కొత్త అద్దం బిగిస్తాడట. పాతది? "పగలగొట్టి పారేత్తాం."
పారేస్తాడట. వాడి దగ్గర ఆరేళ్ళు చాకిరీ చేసిన చేతి ముద్ర.
ఇంతలో వాడికి ఫోను. మూలపేట పోర్టు దగ్గర ఎవరిదో బంగళా. "ఇరవయ్యేళ్ళు సార్! సముద్రమా? ఏం భయం లేదు, కళ్ళు మూసుకుని పెట్టించుకోండి." నా ఎదురుగానే. నా మొహం చూస్తూనే. షాపంతా వినపడేలా తిట్టి వచ్చాను.
బస్సెక్కాక అనుకున్నాను — వాడి గుమ్మంలో ఉమ్మి రావలసింది.

జూలై 10
నాలుగు వేళ్ళ దూరం.

జూలై 13
కూర్మారావు వచ్చాడు. ఢిల్లేసుతో కలిసి పనిచేసినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నేను కబురు పెట్టలేదు, షాపులో నా కేకలు విని వచ్చాడట. బయట చతికిలబడి ఫ్రేము అడుగు తడిమాడు.
"పిన్నీ… ఈ కన్నాలు ఎవులు మూసినారు?"
నేనే.
ఫ్రేము అడుగున రెండు కన్నాలుండేవి. గాలి ఈల వేసేది, చీమలొచ్చేవి. రోగిష్టి పిల్లాడి గది. మామగారు పడవ సందులకి పూసినట్టే నూనెలో గుగ్గిలం కాచి గట్టిగా కూరాను. మా ఇళ్ళలో కన్నం కనిపిస్తే మూస్తాం. కన్నం ఉంటే నీళ్ళు లోపలికొస్తాయి — నాకు తెలిసింది అదే.
"అయి వాన నీళ్ళు బయటికి పోడానికి పిన్నీ."
స్క్రూడ్రైవరుతో పొడిచాడు. నల్లటి నీళ్ళు కారాయి. కుళ్ళిన రొయ్యల కంపు. ఆ నీళ్ళలో అద్దం అడుగు ఇన్నేళ్ళూ నానిందట. నాని అతుకు ఊడిందట. ఊడి తేమ లోపలికి పోయిందట.
"ఓనరు మాటలు ఒగ్గీయి. ఒడ్డునైనా పది, పదిహేనేళ్ళు రావాల. మన ఢిల్లేసు సేసిన పనికి తిరుగుండదు."
వాడి పనికి తిరుగులేదు. నా చేతులే.

జూలై 14
ఓనర్ని తిట్టిన తిట్లన్నీ నా నోట్లోనే ఉన్నాయి. అన్నం సయించలేదు. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ కంపు పోదు.

జూలై 15
గుగ్గిలం కూరిన రోజు వాడు మంచం మీదే ఉన్నాడు. నన్ను చూస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక — "గాలి రావట్లేదమ్మా. బాగుంది."
చేసినవాడు వాడు. ఆ కన్నాలు ఎందుకో వాడికి తెలుసు.
ఎందుకు చెప్పలేదురా…

జూలై 17
కూర్మారావు ఫోను. బ్లేడుతో అతుకు కోసి రెండద్దాలూ విడదీస్తాడట. ముద్ర ఏ అద్దానికుందో విప్పితేగాని తెలియదట. తడి తగిలితే, చెయ్యి తగిలితే పోతుంది. "ఉంటాదని మాటియ్యలేను పిన్నీ." విప్పకపోతే మసక దాన్ని మింగేస్తుంది.
మా ఆయన — "ఒగ్గీయే. ఆడే పోనాడు. ఆడి ఏలుముద్ర ఏటి సేసుకుంటాం?" వల బాగుచేసుకోవాలని బయటికెళ్ళిపోయాడు. ఆ మాటకి ఆ మనిషి మొహం చూడబుద్ధి కాలేదు.
కాసేపటికి చూస్తే వల లేదు, ఏమీ లేదు. కిటికీ అవతల గొంతుక్కూర్చుని, మసకకీ ముద్రకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో పెట్టి చూసుకుంటున్నాడు.

జూలై 20
మసక ముద్ర అంచు తాకింది.
కూర్మారావు పొద్దున్నే వచ్చాడు. బ్లేడు మూలకి ఆనించాడు. "ఆగు నాయనా" అన్నాను. ఆగాడు. టీ ఇచ్చాను. అరుగు మీద కూర్చున్నాడు. బ్లేడు కిటికీ అంచున ఉంది.
మా ఆయన బయట నిలబడి అద్దం మీద బొటనవేలు పెట్టాడు. సరిగ్గా ఆ చోటే. నా వైపు చూడలేదు. నేను లోపల నా వేలు పెట్టాను. మధ్యలో వాడిది. అద్దం చల్లగా ఉంది. ఎంతసేపో తెలియదు.
ఇప్పుడిది రాస్తున్నాను. టీ గ్లాసు ఖాళీ అయింది. కూర్మారావు అరుగు మీంచి పిలుస్తున్నాడు —
"పిన్నీ, వాన వచ్చీలా ఉంది. ఏటి సెయ్యమంటావు?"